పాట వినిపిస్తుంది, మైకు కనిపించదు: లినక్స్‌లో ఒక రిజిస్ట్రేషన్ లోపం

కొత్త యూఎస్‌బీ హెడ్‌సెట్‌ను లినక్స్ కంప్యూటర్‌కు తగిలించారు. పాట చక్కగా వినిపిస్తోంది. తీరా ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మొదలయ్యాక చూస్తే సౌండ్ సెట్టింగ్స్‌లో మైకు పేరే లేదు. అదే హెడ్‌సెట్ విండోస్ ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తుంది. కొన్ని పరికరాలతో లినక్స్ వినియోగదారులు కొన్నేళ్లపాటు పడ్డ ఇబ్బంది ఇది. దీనికి కారణం, కెర్నెల్‌లోని ఆడియో డ్రైవర్ ఒక ప్రకటన కాస్త ముందుగా చేసేయడం.

లినక్స్‌లో ధ్వని వ్యవహారాలన్నీ చూసే భాగం పేరు ఆల్సా. ఏదైనా ఆడియో పరికరం తగిలించగానే డ్రైవర్ దానికో సౌండ్ కార్డును సృష్టిస్తుంది. అందులో స్పీకరు, మైకు, వాల్యూమ్ మీటలు వంటి వాటిని ఒక్కొక్కటిగా చేరుస్తుంది. చివరగా కార్డును రిజిస్టర్ చేస్తుంది. 'కార్డు సిద్ధం, వాడుకోండి' అని మిగతా వ్యవస్థకు చాటింపు వేయడమే రిజిస్ట్రేషన్. ఆ చాటింపు విని యూడెవ్ తన నియమాలను అమలు చేస్తుంది. తర్వాత పల్స్‌ఆడియో వంటి సౌండ్ సర్వర్ వచ్చి, కార్డులో ఏమేం ఉన్నాయో జాబితా రాసుకుంటుంది. మన సెట్టింగ్స్‌లో కనిపించేది ఆ జాబితాయే.

చిక్కంతా యూఎస్‌బీ పరికరాల నిర్మాణంతో వచ్చింది. ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో పలు ఇంటర్‌ఫేసులు ఉంటాయి. కొన్ని పరికరాల్లో స్పీకరు ఒక ఇంటర్‌ఫేసు కింద, మైకు మరో ఇంటర్‌ఫేసు కింద ఉంటాయి. కెర్నెల్ వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా డ్రైవర్‌కు అప్పగిస్తుంది. పాత డ్రైవర్ మొదటి ఇంటర్‌ఫేసు చేతికి రాగానే కార్డును రిజిస్టర్ చేసేసేది. ఆ తర్వాత వచ్చిన మైకు కార్డులో చేరేది కానీ, సౌండ్ సర్వర్ అప్పటికే జాబితా ముగించి ఉండేది.

తెలంగాణలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు ఎక్కడెక్కడివాళ్లో సొంతూళ్లకు పరుగులు తీశారు. లెక్క రాసే వేళకు ఇంట్లో లేకపోతే పేరు ఎక్కదేమోనన్న భయం అది. ఈ మైకు పరిస్థితి అచ్చం అలాంటిదే. ఇంట్లో ఉంది, లెక్కలో లేదు.

2020లో కింగ్‌స్టన్ హైపర్‌ఎక్స్ ఆంప్ అనే పరికరం విషయంలో ఈ సమస్యకు తొలి మందు పడింది. 'ఫలానా పరికరమైతే ఫలానా ఇంటర్‌ఫేసు వచ్చేదాకా ఆగు' అని డ్రైవర్‌లోనే ఒక మినహాయింపుల పట్టిక పెట్టారు. పట్టికలో లేని పరికరాల కోసం, వినియోగదారులే ఆ వివరాలు ఇచ్చుకునేలా ఒక ఆప్షన్ కూడా చేర్చారు. కానీ మార్కెట్‌లోకి కొత్త హెడ్‌సెట్ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లోపాన్ని కనిపెట్టాలి, పట్టికలో మరో వరుస చేర్చాలి. అప్పటిదాకా కొన్నవాళ్ల మైకు మూగబోవాల్సిందే.

2022 సెప్టెంబర్‌లో ఆల్సా నిర్వాహకుడు తకాషి ఇవాయ్ పట్టికతో పనిలేని మార్గం వెతికారు. ప్రతి యూఎస్‌బీ పరికరమూ తనలో ఏయే ఇంటర్‌ఫేసులు ఉన్నాయో డిస్క్రిప్టర్ అనే వివరపత్రంలో ముందే చెబుతుంది. డ్రైవర్ మొదటే దాన్ని చదివి, తనకు సంబంధించిన చివరి ఇంటర్‌ఫేసు ఏదో గుర్తుపెట్టుకుంటుంది. అది వచ్చాకే రిజిస్టర్ చేస్తుంది.

తర్కం సబబుగానే ఉంది. అయినా కొన్ని పరికరాల్లో ఈసారి మైకే కాదు, మొత్తం శబ్దమే పోయింది. కారణం చిన్నదే. కొన్నిసార్లు డ్రైవర్ ఒక ఇంటర్‌ఫేసును చూస్తూనే, దానికి అనుబంధంగా ఉన్న మిగతావాటినీ తానే స్వాధీనం చేసుకుంటుంది. అప్పుడు కెర్నెల్ వాటిని మళ్లీ విడిగా అప్పగించదు. చివరి ఇంటర్‌ఫేసు అలా ముందే చేతికి వచ్చేస్తే, డ్రైవర్ ఎదురుచూసే పిలుపు ఎప్పటికీ రాదు. కార్డు రిజిస్టరే కాదు.

అదే నెలలో దీన్నీ సరిదిద్దారు. 'ఇప్పుడు వచ్చింది చివరిదేనా?' అన్న ప్రశ్నతో పాటు 'చివరిది ఇప్పటికే ఎవరి చేతిలోనైనా ఉందా?' అని కూడా అడిగేలా మార్చారు. ఈ రెంటిలో దేనికి 'అవును' అని జవాబొచ్చినా కార్డు రిజిస్టర్ అవుతుంది. 2022 డిసెంబర్‌లో విడుదలైన 6.1 కెర్నెల్‌లో ఈ రెండు మార్పులూ ఉన్నాయి.

ఇలాంటి లోపాలు పట్టుబడటం కష్టం. మైకు కెర్నెల్‌లో ఉంటుంది, కమాండ్ లైన్ నుంచి రికార్డింగ్ కూడా జరగవచ్చు. విడివిడిగా చూస్తే ఏ భాగంలోనూ తప్పు కనిపించదు. తప్పు వాటి వరుసలో ఉంటుంది. అందుకే లోపాన్ని నివేదించేటప్పుడు 'మైకు పనిచేయడం లేదు' అని ఊరుకోకుండా కెర్నెల్ వెర్షన్, పరికరం యూఎస్‌బీ గుర్తింపు సంఖ్య, కమాండ్ లైన్‌లో మైకు కనిపిస్తోందో లేదో రాస్తే మంచిది. వరుస ఎక్కడ తప్పిందో డెవలపర్‌కు తెలిసేది ఆ మూడు వివరాలతోనే.