పెన్‌డ్రైవు విరిగినప్పుడు

బొటనవ్రేలి పొడవైనను లేని పెన్‌డ్రైవులో నేడు ఒక కుటుంబముయొక్క 20 ఏండ్ల చరిత్ర ఇమిడి యుండవచ్చును. పెండ్లి ఫోటోలు, పొలము కాగితముల నకళ్లు, పిల్లల చదువు పత్రములు, పండుగనాడు అమ్మమ్మ పాడుచుండగా సెల్‌ఫోనులో పట్టుకొన్న మంగళహారతి, ఇవన్నియు అందులోనే దాచుకొందుము. అది కంప్యూటరునకు తగిలించి యుండగా మోచేయి తగిలినను, కుర్చీ జరిగినను మొన వంగి విరిగిపోవును. అప్పుడు "పోయినది, ఇక రాదు" అని పారవేయువారు కొందరు. వ్రేలితో అదిమిపట్టి, జిగురు పూసి, మరల మరల దూర్చి చూచువారు మరికొందరు. ఈ రెండు పనులును నష్టదాయకములే. చాల సందర్భములందు విరిగినది జ్ఞాపకమునకు పోవు దారి మాత్రమే. జ్ఞాపకము లోపల చెక్కుచెదరక యుండును. ఆ దారిని నేర్పరియైన పనివాడు ఎట్లు బాగుచేయునో, ఇంటివారు ఆ పనికి ఎట్లు తోడ్పడవచ్చునో ఈ ప్రసంగమున వివరింతును.

మొదట లోపల నేమున్నదో చూతము. ప్లాస్టిక్ తొడుగు విప్పినచో పచ్చనిదో నల్లనిదో సన్నని పలక యొకటి కనబడును. అదియే సర్క్యూట్ బోర్డు. దానిపై పరచిన రాగి గీతలే తీగల పని చేయును. ఒక కొనయందు కంప్యూటరులోనికి దూర్చు లోహపు మొన యుండును. దానిలోని 4 కాళ్లలో ఒకటి 5 వోల్టుల విద్యుత్తును తెచ్చును. ఒకటి దానిని తిరిగి కొనిపోవును. నడుమనున్న రెండును సమాచారమును అటునిటు మోయును. పలకపై రెండు నల్లని చిప్పులు ముఖ్యమైనవి. ఒకటి సమాచారము నిలువయుండు ఫ్లాష్ మెమరీ; రెండవది దానిపై పెత్తనము చేయు కంట్రోలరు. 5 వోల్టులను 3.3 వోల్టులకు తగ్గించు రెగ్యులేటరు ఒకటి, తాళము వేసినట్లు క్రమము తప్పక స్పందించు క్రిస్టలు ఒకటి, వీనికి తోడుగా కొన్ని కండెన్సర్లు, రెసిస్టర్లు ఉండును. రేడియో పెట్టె వెనుక మూత తీసి చూచిన శ్రోతలకు ఈ పేర్లు క్రొత్తవి కావు. అచ్చట గోరంత, వ్రేలంత యున్న భాగములు ఇచ్చట నువ్వుగింజలంతగా నుండుటయే భేదము.

ఫ్లాష్ మెమరీని కనుగొన్నవాడు జపానుకు చెందిన ఫుజియో మసువోకా. తోషిబా కంపెనీలో పనిచేయుచు ఆయన 1984లో మొదటి రకమును, 1987లో నేటి పెన్‌డ్రైవులకు మూలమైన నాండ్ అను రకమును శాస్త్రజ్ఞుల యెదుట వివరించెను. ఇందులోని జ్ఞాపకము ఒకేసారి పెద్ద భాగములుగ తుడిచివేయబడును. ఆ తీరు కెమెరా ఫ్లాష్ మెరుపును తలపించుచున్నదని ఆయన సహోద్యోగి షోజీ అరియిజుమి దీనికి ఫ్లాష్ అను పేరు సూచించెను. 2000వ సంవత్సరమున అంగళ్లకు వచ్చిన తొలి పెన్‌డ్రైవులలో 8 మెగాబైట్లకు మాత్రమే చోటుండెడిది. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఫోటోలు రెండు మూడుకన్న ఎక్కువ అందులో పట్టవు.

ఈ చిప్పులో సమాచారము ఎలెక్ట్రానుల రూపమున నిలుచును. లెక్కకు మిక్కిలియైన అతిసూక్ష్మపు గదులుండును. ఒక్కొక్క గదిచుట్టును విద్యుత్తును పోనీయని పొర యుండును. వ్రాయునప్పుడు హెచ్చు వోల్టేజీచే ఎలెక్ట్రానులను ఆ పొరగుండ లోనికి నెట్టుదురు. అవి లోపల చిక్కుకొని విద్యుత్తు లేకున్నను ఏండ్ల తరబడి అచ్చటనే యుండును. చదువుట యన, ఏ గదిలో ఎంత యున్నదో కొలుచుట. కావున మొన విరిగినంతమాత్రమున గదులలోని ఎలెక్ట్రానులు ఎచ్చటికిని పోవు. ఇంటి తలుపు గడియ విరిగినచో లోపలి బీరువాలోని వస్తువులు మాయము కావు గదా! అయితే ఆ నల్లని చిప్పే పగిలినచో, లోపలి సిలికాను రేకు చిట్లినచో, ఏ పనివాడును దానిని అతుకలేడు. ఆశ యున్నదా లేదా యనుటకు ఇదియే మొదటి గీటురాయి.

జబ్బు ఎచ్చట నున్నదో లక్షణములే చాలవరకు చెప్పును. తగిలించినప్పుడు కంప్యూటరు ఏమియు పలుకనిచో మొనయో విద్యుత్తు దారియో తెగినదని అనుమానింపవలెను. తగిలించిన క్షణములోనే డ్రైవు చేతికి వేడిగా తగిలినచో లోపల ఎచ్చటనో షార్టు ఏర్పడినది, వెంటనే తీసివేయవలెను. డ్రైవును గుర్తించియు పరిమాణము సున్న యని చూపినచో కంట్రోలరునకు మెమరీతో పొత్తు కుదురుట లేదు. "దీనిని ఫార్మాట్ చేయవలెనా?" అని కంప్యూటరు అడిగినచో బోర్డు బాగుగనే యుండి, లోపలి పట్టిక చెడియుండవచ్చును. అట్టి ప్రశ్నకు ఎన్నడును ఔనని చెప్పరాదు.

ఇక మరమ్మత్తు. పనివాడు తొడుగును విప్పి, బోర్డును సూక్ష్మదర్శినిక్రింద నుంచును. ఏ కాలు ఊడినది, ఏ గీత తెగినది, ఏ నువ్వుగింజ రాలినది యని ముందుగ చూచును. తరువాత మల్టీమీటరు ముల్లులతో గీతలను ఒక్కొక్కటిగ పరీక్షించును. విద్యుత్తు వచ్చు కాలికిని పోవు కాలికిని నడుమ షార్టు లేదని తేలువరకు బోర్డునకు కరెంటు ఇయ్యడు. కంప్యూటరునకు తగిలించి చూచుట అతని చివరి పరీక్ష. మనకో, అదియే మొదటిది. షార్టుగల బోర్డునకు ఒక్కసారి కరెంటు ఇచ్చినను కంట్రోలరు కాలిపోవచ్చును. అప్పుడు గంటలో ముగియవలసిన పని వారములు పట్టును.

మొన ఊడినప్పుడు తరచుగ దానితోపాటు బోర్డుమీది రాగి బిళ్లలును ఊడివచ్చును. టంకము పెట్టుటకు చోటే మిగులదు. అట్టియెడ ఆ బిళ్లనుండి పోవు గీత ఎచ్చటికి చేరుచున్నదో వెదకి, శస్త్రచికిత్సకు వాడు బ్లేడుతో దానిపై నున్న రంగుపూతను మెల్లగ గీకి, ఎఱ్ఱని రాగి బయటపడగనే ఆపును. బలము కొంచెము మించినచో రాగియు పోవును. తరువాత ఫ్లక్సు పూయును. కంసాలి బంగారమునకు మాటు పెట్టునప్పుడు వెలిగారము వాడుట మనమెరిగినదే. రాగిపై చిలుమును తొలగించి, టంకము చక్కగ పారునట్లు చేయుటకు ఇచ్చట ఫ్లక్సును వాడుదురు. తల వెండ్రుకంత సన్నని, పైపూతగల రాగితీగను తెచ్చి, సూదిమొన వంటి సోల్డరింగ్ ఐరనుతో తృటికాలము తాకించి అతుకును. తగరము, సీసము కలిసిన పాత టంకము 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును. సీసము లేని నేటి టంకమునకు 217 డిగ్రీలకు పైగా కావలెను. ఇనుము ఎక్కువసేపు నిలిచినచో గీత బోర్డునుండి లేచిపోవును; తక్కువసేపు తాకినచో అతుకు పైకి బాగుగ కనబడియు లోపల పట్టి యుండదు. ఈ రెంటి నడుమ నున్న క్షణమును చేయి ఎరిగి యుండవలెను. అది పుస్తకమువలన వచ్చునది కాదు.

చాలమంది పనివారు క్రొత్త మొనను బిగింపక, తీగల కేబులు ముక్కను నేరుగ బోర్డునకు అతుకుదురు. కేబులులోని ఎరుపు తీగ 5 వోల్టులకు, నలుపు తీగ తిరుగు దారికి, తెలుపును ఆకుపచ్చయు సమాచారమునకు వాడుట వాడుక. చౌక కేబుళ్లలో రంగులు తారుమారగుట గలదు. కావున దీనినిగూడ మీటరుతో సరిచూతురు. సమాచారపు తీగలు రెండును పొట్టిగను, సమానముగను, పక్కపక్కనే యుండవలెను. ఏలయన వానిమీద సెకండునకు 48 కోట్ల బిట్లవరకు పరుగెత్తును. ఒకటి పొడవై, ఒకటి కురుచయైనచో మాట తడబడును. క్రొత్తరకపు డ్రైవులకు 9 కాళ్లుండును. అయినను మొదటి నాలుగింటిని కలిపినచో నెమ్మదిగనైనను అవియు సాధారణముగ పలుకును.

బోర్డు నడుమకు బీటవారినచో పని మరికొంత కఠినము. గీతలు పై పొరలోనే కాక లోపలి పొరలలోను ఉండవచ్చును. తెగిన ప్రతి గీతకును పైనుండి ఒక తీగ వంతెన వేయవలెను. క్రింద పడినప్పుడు పగులు భాగములలో క్రిస్టలు ఒకటి. దానిని అదే స్పందన వేగముగల మరియొక క్రిస్టలుతో మార్చినచో మూగబోయిన డ్రైవు మరల పలుకవచ్చును. రెగ్యులేటరు కాలినచో దానిని తీసి 3.3 వోల్టులను బయటినుండి ఇచ్చుటయు గలదు. నీటిలో పడిన డ్రైవును మొదట ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, పూర్తిగ ఆరిన తరువాతనే పరీక్షింతురు.

ఈ మరమ్మత్తుయొక్క ఉద్దేశమును ఇంటివారు చక్కగ గ్రహింపవలెను. డ్రైవును మరల పదేండ్లు వాడుకొనుటకై ఈ పాటు పడుట లేదు. అది ఒక్కసారి పలికిన చాలును. పలికినంతనే పనివాడు ఫైళ్లను తెరచి చూచుచు కూర్చుండడు. డ్రైవుమీద ఏమియు వ్రాయకుండ, మొదటినుండి చివరివరకు ఉన్నదున్నట్లుగ మరియొక డిస్కుపైకి నకలు తీయును. చదువుటకు మొరాయించు చోట్లను ముందు విడిచి, తేలికగ వచ్చునది అంతయు రాబట్టి, పిదప విడిచినవానికొరకు తిరిగి వచ్చును. తరువాత వెదకులాట యంతయు ఆ నకలుపైననే.

దారి యెంత బాగుచేసినను కంట్రోలరే చనిపోయినచో ఏమి గతి? అప్పుడు మెమరీ చిప్పును వేడిగాలితో ఊడదీసి, ప్రత్యేకమైన యంత్రములో నుంచి నేరుగ చదువుదురు. ఇది కడపటి ఉపాయము. తాళపత్ర గ్రంథమునకు త్రాడు తెగి ఆకులు చెదరినవనుకొనుడు. పైగా ఆకులపై అంకెలు లేవు, అక్షరములు గుప్తలిపిలో నున్నవి. చిప్పులోని స్థితి ఇట్టిదే. గదులు సమముగ అరుగుటకై కంట్రోలరు సమాచారమును ముక్కలుచేసి వేర్వేరు తావులలో పెట్టును. ఒక లెక్కప్రకారము బిట్లను తారుమారు చేయును. తప్పులు దిద్దుకొనుటకు అదనపు అంకెలను చేర్చును. కంట్రోలరు బ్రతికి యున్నచో ఇదంతయు తానే విప్పి చెప్పును. అది లేనప్పుడు మనుష్యుడు ఆ లెక్కను ఊహించి విప్పవలెను. అందుచేతనే మంచి పనివాడు మొదట బోర్డును బాగుచేయ జూచునే గాని చిప్పును ఊడదీయుటకు తొందరపడడు. ఊడదీయు వేడికి గదులలోని ఎలెక్ట్రానులు కొన్ని జారుననుట మరియొక భయము. ఇక కంట్రోలరు రహస్య సంకేతముతో సమాచారమును బంధించు రకమైనచో, చిప్పును చదివినను ఫలము లేదు. తాళపుచెవి ఆ కంట్రోలరులోనే యుండును.

కొన్ని చిన్న డ్రైవులలో బోర్డే యుండదు. కంట్రోలరు, మెమరీ రెండును ఒకే నల్లని బిళ్లలో పోతపోయబడి యుండును. పై పూతను మెల్లగ గీకినచో దానిక్రింద గుండుసూది మొనలంతటి స్పర్శస్థానములు బయటపడును. వానికి ఒక్కొక్కటిగ సన్నతీగలను అతికి చదువవలెను. ఇది మిక్కిలి ఓర్పుతో చేయవలసిన పని. ఖర్చును అందుకు తగినట్లే యుండును.

ఇంటివారు చేయవలసినది స్వల్పము. విరిగిన డ్రైవును మరల తగిలింపరాదు. జిగురు పూయరాదు, జిగురు టంకమునకు శత్రువు. ఊడిన మొనను, రాలిన ముక్కలను ఒక కాగితపు పొట్లములో భద్రపరచి డ్రైవుతోపాటే ఇయ్యవలెను. సెల్‌ఫోను బాగుచేయువారిలో సూక్ష్మదర్శినితో బోర్డుపని చేయు నేర్పరులు నేడు పట్టణములలో గలరు. వారికి ఇచ్చునప్పుడు "డ్రైవు బాగుపడనక్కరలేదు, లోపలి సమాచారము కావలెను" అని స్పష్టముగ చెప్పవలెను. ఈ ఒక్కమాటతో పని తీరే మారును. డ్రైవులో ఇంటి రహస్యములును ఉండును గనుక, నమ్మదగినవానికే ఇచ్చుట మంచిది.

విరుగని డ్రైవునుగూడ శాశ్వతమని నమ్మరాదు. ఎలెక్ట్రానులు మెల్లమెల్లగ జారుచునే యుండును. వేడి తగిలినచో మరింత త్వరగ జారును. నేటి చిప్పులలో ఒక్కొక్క గదిలో 3 బిట్లను ఇముడ్చుటకు 8 మట్టములను వేరుచేసి కొలువవలసి యున్నది గనుక, కొంచెము జారినను లెక్క తప్పును. కావున ఎండలో నిలిపిన కారులో, పొయ్యి దగ్గరి అలమారులో డ్రైవులను ఉంచకుడు. మన పూర్వులు తాటియాకు నిలుచునని ఊరకుండలేదు. పురుగు తినకమునుపే క్రొత్త ఆకులమీద ప్రతి వ్రాయించిరి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను కూర్చుండబెట్టి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించుటవలననే అనేక కావ్యములు మనకు దక్కినవి. అమ్మమ్మ పాటకును అదియే మార్గము. ఈ ఆదివారము తీరికగనున్నప్పుడు దానికి రెండు నకళ్లు తీసి, ఒకటి ఇంటనుంచి, రెండవదానిని వేరొక ఊరిలోనున్న కూతురి యింటనో తమ్ముని యింటనో దాచుడు.