సంఘం ఓటు అనేది ఒకటుందా?

పరిశుద్ధ గ్రంథంలో ఎన్నికల ప్రచారం ఎక్కడుందని ఎవరైనా అడిగితే న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయం తెరవమంటాం. గిద్యోను మరణించాక అతని కుమారుడు అబీమెలెకు షెకెముకు వెళ్లి తల్లి తరఫు బంధువులను కూడగట్టాడు. డెబ్బై మంది ఏలడం కన్నా ఒక్కడు ఏలడం మేలు కాదా, పైగా నేను మీ రక్తసంబంధిని కదా అన్నది అతని ప్రచార సారాంశం. షెకెము వాళ్ల మనసు కరిగింది. మనవాడే కదా అనుకున్నారు. బయల్బెరీతు గుడిలోంచి డెబ్బై తులాల వెండి తీసి అతనికిచ్చారు. ఆ వెండితో అతడు పనీపాటా లేని పోకిరీలను కూలికి పెట్టుకుని, సొంత అన్నదమ్ములను ఒకే రాతిమీద చంపాడు. చిన్నవాడైన యోతాము ఒక్కడే దాక్కుని బతికాడు.

ఈ అధ్యాయం మీద ప్రసంగాలు సాధారణంగా యోతాము చెప్పిన చెట్ల కథ చుట్టూ తిరుగుతాయి. ఒలీవ, అంజూరం, ద్రాక్ష కాదన్నాక రాజ్యం ముళ్లపొదకు దక్కిన కథ అది. మేము మాత్రం ఆ వెండి దగ్గరే కాసేపు ఆగుతాం. ఎన్నికకు పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చింది? ఆరాధనా స్థలం నుంచి! ఇచ్చిందెవరు? ఊరందరినీ ఒక్కొక్కరినిగా అడిగినట్టు అక్కడ లేదు. పెద్దలు మాట్లాడుకున్నారు, పెద్దలే ఇచ్చేశారు. మూడేళ్ల తర్వాత షెకెము తగలబడినప్పుడు మాత్రం పెద్దా చిన్నా అందరూ కాలారు.

మన ఖానాపురం హవేలి 2012లో ఖమ్మం నగరపాలక సంస్థలో కలిసింది. అంతకుముందు ఇది పంచాయతీ. సర్పంచి ఇల్లు ఎక్కడో అందరికీ తెలిసేది, నల్లా రాకపోతే ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవారు. 2016లో కార్పొరేషన్‌కు తొలి ఎన్నిక 50 డివిజన్లతో జరిగింది. 2021 ఏప్రిల్ 30న, కరోనా రెండో ఉద్ధృతి మధ్య, మాస్కులు కట్టుకుని 60 డివిజన్లకు ఓటు వేశాం. ఆ పాలకవర్గం ఐదేళ్ల గడువు 2026తో సరి. రాబోయే నగరపాలక ఎన్నికలోనూ, దాని వెనక వచ్చే శాసనసభ ఎన్నికలోనూ అభ్యర్థులు మన గుమ్మాలకు వస్తారు, మన సంఘాలకూ వస్తారు.

వచ్చినవారు అడిగే మొదటి మాట మనందరికీ తెలుసు. "అయ్యగారూ, మీ సంఘంలో ఎన్ని ఓట్లుంటాయి?" ఆ తర్వాత సంఘానికి ఏం కావాలని అడుగుతారు. ప్రహరీ గోడ, బోరు, కుర్చీలు, సౌండ్ సిస్టం ఏదైనా సరే. కట్టడం సగంలో ఆగిన మందిరానికి రేకులు ఇస్తామంటే కాదనడం ఎంత కష్టమో పేద సంఘాలు నడిపే సేవకులకే ఎరుక. వారిని ఎగతాళి చేసే ఉద్దేశం మాకు లేదు. కాని ఎన్నికల ముందు వచ్చే రేకులు రేకులుగా రావు, ధరగా వస్తాయి. అక్కడ అమ్ముడుపోయేది సేవకుని ఓటు ఒక్కటే కాదు. రాత్రి పాచిపనికి వెళ్లివచ్చిన తల్లి ఓటు, గ్రానైట్ యూనిట్‌లో దుమ్ము పీల్చే తమ్ముని ఓటు కూడా వారికి తెలియకుండానే ఆ లెక్కలో కలిసిపోతాయి. బడి చదువు లేని అవ్వకూ, వేదాంత కళాశాలలో చదివిన మాకూ రాజ్యాంగం ఇచ్చింది చెరొక్క ఓటే.

చట్టం ఈ విషయంలో మనకన్నా కచ్చితంగా మాట్లాడుతుంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రకారం చర్చి, గుడి, మసీదు ప్రచార వేదికలు కాకూడదు. ప్రార్థనా సంస్థల దుర్వినియోగాన్ని ఆపడానికి 1988లో చేసిన చట్టం సంఘం ఆవరణనూ నిధులనూ పార్టీ ప్రయోజనానికి వాడవద్దంటుంది. శిక్ష ఐదేళ్ల జైలు వరకూ ఉంది. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నలుగురి మెజారిటీతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి ఓటు అడిగినా అది అక్రమమేనని తేల్చింది. ఇక సేవకులమైన మేము ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. ఫలానావారికి వేయకపోతే దేవునికి కోపం వస్తుందని ఓటరును నమ్మించడం నేరం. పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్‌లోనూ ఉంది. బల్ల దగ్గర నిలబడి శాపాలు, ఆశీర్వాదాలు పంచేవారు ఈ సెక్షన్ ఒకసారి చదువుకోవాలి.

ఇది పరాయి చట్టం మన మీద రుద్దిన నియమమని కొందరు సణుగుతారు. వారికి డోర్నకల్ చరిత్ర గుర్తు చేస్తాం. ఖమ్మం పక్కనే ఉన్న ఆ ఊరు కేంద్రంగా సేవ చేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. మన పెద్దల్లో చాలామంది ముత్తాతలకు బాప్తిస్మం అందింది ఆయన అధ్యక్ష మండలంలోనే. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించి, క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు ఇస్తామన్నప్పుడు అజరయ్య సంతోషించలేదు, వ్యతిరేకించారు. సంఘం అన్ని కులాలవారినీ పిలిచే దేవుని కుటుంబమని, దానిని ఓట్ల లెక్కకు మరో కులంగా మారిస్తే పొరుగువారి ఎదుట మన సాక్ష్యం పోతుందని ఆయన భయం. ఆ తర్వాత 1949లో రాజ్యాంగ సభలో అల్పసంఖ్యాకులకు ప్రత్యేక సీట్లు వద్దనుకున్నప్పుడు, ఆ పని ముందుండి నడిపిన హరేంద్ర కుమార్ ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. ఉచితంగా వస్తున్న సీట్లను వదులుకున్న తరం అది. మనమేమో కుర్చీలకు లెక్క కడుతున్నాం.

ఇంటికి వచ్చే కవరు సంగతి చెప్పాలి. ప్రతి ఎన్నికకూ సంఘంలో ఎవరో ఒక తల్లి మెల్లగా దగ్గరకొచ్చి అడుగుతుంది: "అయ్యగారూ, పైసలు తీసుకున్నాం, బైబిల్ మీద చెయ్యి వేయించుకున్నారు. ఇప్పుడు వేరేవాళ్లకు వేస్తే ఒట్టు తప్పినట్టు కాదా?" ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. ఒట్టుకు భయపడే మనస్సాక్షి ఇంకా బతికే ఉంది కాబట్టే అడుగుతోంది. డబ్బిచ్చినవాడు ఆ భయం మీదనే వ్యాపారం చేస్తున్నాడు. మా జవాబు ఇది: అమ్మా, హేరోదు కూడా ఒట్టు నిలబెట్టుకున్నాడు, దానివల్ల బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్లెంలోకి వచ్చింది (మార్కు 6). చెడ్డ పనికి వేసిన ఒట్టు నిలబెట్టుకోవడం భక్తి కాదు. తీసుకోవడం తప్పు, ఆ తప్పు దేవుని దగ్గర ఒప్పుకోవాలి. వీలైతే తిరిగి ఇచ్చేయాలి. ఓటు మాత్రం మనసు చెప్పినవారికే వేయాలి. ఇచ్చినవాడిదే కాదు, తీసుకున్నవాడిదీ నేరమేనని న్యాయ సంహిత 170వ సెక్షన్. శిక్ష ఏడాది వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఆ డబ్బులో దశమభాగం కానుక సంచిలో వేస్తే శుద్ధి అవుతుందనుకునేవారూ ఉన్నారు. యూదా పడేసిన ముప్పై వెండి నాణేలను ప్రధాన యాజకులు సైతం కానుకపెట్టెలో వేయలేదు. వారి పాటి జాగ్రత్త మనకూ ఉండాలి కదా!

మరి అభ్యర్థిని ఏమి అడగాలి? ముందుగా ఎవరి చేతిలో ఏముందో తెలియాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా తెస్తామని కార్పొరేటర్ స్థాయి అభ్యర్థి సైతం మాటిచ్చేస్తుంటాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చాలని ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 2009లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానాలు చేసి పంపాయి. మార్చవలసింది పార్లమెంటు. ఇది డివిజన్ ఎన్నికలో తీరే బాధ కాదు, ఎంపీ అభ్యర్థిని నిలదీయవలసిన బాధ. ఇప్పటికి ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులు ఇక్కడ బీసీ-సీ. అందుచేత ఎస్సీ రిజర్వుడు డివిజన్‌లో మన పిల్లవాణ్ణి నిలబెడదామని సంఘాలు ఆశపడే ముందు ఇది ఆలోచించాలి. భద్రాచలం వైపు అడవి పల్లెల్లో ఉన్న కోయ విశ్వాసుల సంగతి వేరు. ఎస్టీ హోదాకు ఆ ఉత్తర్వుల్లో మతం షరతు లేదు. ఓటుకు, దీనికి ముడిపెట్టి వారిని బెదిరించేవారుంటే నమ్మనక్కరలేదు.

కార్పొరేటర్ చేతిలో ఉన్నవి వేరే. నీళ్లు, మురుగు కాలువ, వీధి దీపం, చెత్త. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల మీదికి వచ్చి, జనం డాబాల మీద రోజంతా ఎదురుచూసిన సంగతి ఎవరు మరిచిపోతారు? కాలువలు, చెరువు శిఖాలు ఎవరి కబ్జాలో ఉన్నాయని అడగడానికి అంతకన్నా కారణం అక్కరలేదు. అభ్యర్థులు నామినేషన్‌తో తమ కేసులు, ఆస్తులు, చదువు ప్రకటించాలి. చదువుకున్న యౌవనస్థులు ఆ కాగితాలు చదివి ఇంట్లో పెద్దలకు చెప్పవచ్చు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాండ్రకు అన్నం సరిగా అందని సమస్యకు సంఘం ఏడుగురిని ఎన్నుకుంది, మంచి పేరున్నవారిని చూసి. వడ్డించే పనికే అంత విచారణ జరిగింది.

మనవాళ్లు ఎవరూ అడగని విషయం ఒకటుంది, సమాధుల స్థలం. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలికలకు ఇచ్చిన 18 బాధ్యతల్లో శ్మశానాలు, సమాధి స్థలాలు ఉన్నాయి. ఊరు పెరిగింది, ప్లాట్లు పెరిగాయి, విశ్వాసులు పెరిగారు. చనిపోయినవారిని ఎక్కడ పెట్టాలో తెలియక, శవాన్ని ఇంట్లో ఉంచుకుని స్థలం కోసం ఫోన్లు చేసే కుటుంబాల పక్కన మేము కూర్చున్నాం. ఒక సంఘానికి కుర్చీలు అడిగే బదులు, అన్ని సంఘాలవారూ కలిసి అన్ని పార్టీల అభ్యర్థులనూ ఈ ఒక్కటి బహిరంగంగా అడిగితే అందులో దాపరికమూ లేదు, బేరమూ లేదు. హిందూ ముస్లిం పొరుగువారి శ్మశానాల కష్టాన్ని కూడా కలిపి అడిగితే ఇంకా మంచిది.

ఇక జాబితా మాట. డివిజన్ల హద్దులు మారినప్పుడల్లా ఒకే ఇంట్లో భార్య పేరు ఒకచోట, భర్త పేరు మరోచోట పడటం చూస్తున్నాం. పురపాలక ఎన్నికకు శాసనసభ ఓటర్ల జాబితానే డివిజన్లవారీగా విడదీస్తారు కాబట్టి అందులో పేరు లేకపోతే ఇందులోనూ ఉండదు. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారినా తప్పులు దిద్దుకోవాలన్నా ఫారం 8, చనిపోయినవారి పేరు తీయించడానికి ఫారం 7. పద్దెనిమిదేళ్లు నిండినవారు జనవరి కోసం ఆగక్కరలేదు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కే. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది, ఈ వారమే చూసుకోండి. పోలింగ్ రోజు తీరా వెళ్లాక మీ పేరుమీద ఎవరో ముందే వేసేశారని చెబితే తిరిగి రావద్దు. గుర్తింపు కార్డు చూపి ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి, అది మీ హక్కు. మా సంఘంలో పోలింగ్‌కు ముందు ఆదివారం ఆరాధన తర్వాత యౌవనస్థులు జాబితా పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంటారు. పేరు, డివిజన్, బూత్ చూసి చెబుతారు. ఎవరికి వేయాలని అడిగితే చెప్పరు.