సున్నాను ఎప్పుడు నమ్మాలి?

విద్యుత్తు కంటికి కనిపించదు. దాని ఉనికికి వోల్టుమీటరే సాక్షి. అమెరికాలో ఆండ్రూ కే డిజిటల్ వోల్టుమీటరును రూపొందించిన పిమ్మట, ముల్లు కదిలే చోట అంకెలు వెలిశాయి. కాని అంకె స్పష్టమైనంత మాత్రాన సత్యం కానక్కరలేదు.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తు. మీటరు మీట పొరపాటున డి.సి. వైపు ఉంటే, ప్రాణాంతకమైన తీగపై కూడా దాదాపు సున్నాయే కనిపించవచ్చు. లోపల తెగిన ప్రోబు తీగ కూడా అలాగే మోసగించవచ్చు.

అందుచేత అనుభవజ్ఞులు మూడు విడతలుగా కొలుస్తారు: మొదట, విద్యుత్తు ఉన్నదని తెలిసిన చోట, తరువాత, పని చేయవలసిన తీగకూ న్యూట్రల్‌కూ నడుమ, ఆపై తీగకూ ఎర్త్‌కూ నడుమ, చివరకు, తిరిగి మొదటి చోట. మొదటా చివరా 230కి దగ్గరగా వచ్చి, నడుమ సున్నా నిలిస్తేనే ఆ సున్నాను నమ్మండి.