నీళ్లు చెక్కిన నెర్రె

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం ఉత్తరపు కొసన, పేజ్ అనే చిన్న పట్టణం పక్కన ఎర్రటి ఎడారి నేల ఒకచోట ఎండిన చెరువులా నెర్రె విచ్చి ఉంటుంది. అదే యాంటిలోప్ కాన్యన్. మన గండికోట దగ్గరైతే కొండను కోసిన పెన్న నది కళ్లముందే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఏ నదీ కనిపించదు, కాలికింద పొడి ఇసుక తప్ప. అయినా ఈ నెర్రెను తొలిచింది నీరే. ఇది నవాహో ఆదివాసుల నేల. కాన్యన్ ఎగువ భాగానికి వాళ్ల భాషలో ఉన్న పేరుకు అర్థం ‘రాళ్ల నడుమ నీరు పారే చోటు’. ఒకప్పుడు ఇక్కడ మేసిన జింకలాంటి జంతువులను చూసి పెట్టిన ఇంగ్లిషు పేరు కన్నా, అసలు సంగతి చెప్పేది ఆ పేరే.

ఈ రాయి దాదాపు 19 కోట్ల ఏళ్ల కిందటి ఇసుక దిబ్బ. గాలి పొరలు పొరలుగా పోసిన ఇసుక కాలక్రమంలో గట్టిపడి రాయైంది. గోడల మీద వాలుగా సాగే సన్నని గీతలు ఆనాటి దిబ్బల పొరలే. వానాకాలంలో ఎగువన కురిసిన నీరంతా ఒక వాగులోకి చేరి, ఇసుకను మోసుకుంటూ ఈ ఇరుకు సందులో దూరుతుంది. ఆ ఇసుకనీరు వడ్రంగి చేతి ఉప్పుకాగితంలా గోడలను అరగదీస్తుంది. అందుకే ఎక్కడా పదునైన మూల కనిపించదు. తడిబట్ట పిండి వదిలినట్టు రాయంతా మెలికలే. రాతికి ఎరుపునిచ్చింది ఇనుము. ఎండ ఒక గోడ నుంచి మరో గోడకు తుళ్లుతూ దిగేకొద్దీ పైన నారింజగా ఉన్న రాయి అడుగున వంగపండు రంగుకు తిరుగుతుంది.

కాన్యన్‌లో పేరుపొందినవి రెండు భాగాలు. ఎగువది అడుగున వెడల్పు, పైన ఇరుకు. నేలమట్టంగా నడిచి వెళ్లవచ్చు. గోడల ఎత్తు సుమారు 120 అడుగులు. మార్చి నడిమి నుంచి అక్టోబరు మొదలు దాకా, మధ్యాహ్నానికి అటూ ఇటూ, పైకప్పు సందులోంచి ఎండ ఒక్క స్తంభంలా ఇసుక మీద దిగుతుంది. జనమంతా ఎగబడేది దానికోసమే. దిగువ భాగం ఇందుకు తలకిందులు: పైన విశాలం, అడుగున ఒక్కో చోట పాదం పట్టేంత సందు. ఇనుప మెట్లు దిగి ఎక్కాలి. మోకాళ్లు సహకరిస్తే చూడదగ్గది ఇదే.

గైడు లేకుండా రెండింట్లోకీ ప్రవేశం లేదు. సంచులు, ట్రైపాడ్‌లు బయటే ఉంచాలి. ఇక్కడ గడియారంతోనూ ఓ చిక్కుంది. వేసవిలో నవాహో ప్రాంతం గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది, ఆరిజోనాలో మిగతా ప్రాంతం జరపదు. ఫోన్ ఏ సమయం చూపినా, ఇక్కడి టూర్లు నడిచేది ఆరిజోనా సమయం ప్రకారమే. లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ మీదుగా కార్లలో వచ్చే మన కుటుంబాలు ముందే చూసుకోవలసిన విషయమిది.

ఈ చోటును చెక్కిన చేయి ఇంకా పని ఆపలేదు. 1997 ఆగస్టు 12న కాన్యన్ దగ్గర పడింది కొద్దిపాటి వానే. కొన్ని మైళ్ల ఎగువన మాత్రం ఉరుములతో కుండపోతగా కురిసింది. ఆ నీరు గోడలా దిగువ కాన్యన్‌లోకి దూకింది. అప్పటి కర్ర నిచ్చెనలు కొట్టుకుపోయాయి, 11 మంది పర్యాటకులు చనిపోయారు. ఇప్పుడు రాతికి బోల్టులతో బిగించిన మెట్లున్నాయి. ఆపదలో పట్టుకుని ఎక్కడానికి అంచున తాళ్ల వలలు, హెచ్చరికలు వినడానికి వాతావరణ రేడియో ఉన్నాయి. ఎగువన వాన సూచన ఉంటే టూర్లు ఆపేస్తారు. తలమీద ఆకాశం నీలంగా ఉన్నా సరే, గైడు వద్దన్నప్పుడు వాదన పెట్టుకోకుండా వెనుదిరగండి.