నూనె ఇంకిన మడికి సూక్ష్మజీవుల సాయము

హైదరాబాదు పాతబస్తీని ఒరసి పారు మూసీ ఒడ్డున గడ్డి పెంచు రైతులారా! వాడిన ఇంజను నూనె మడిలో ఇంకినచో ఏమి చేయవలెను?

నూనెను తిని బ్రతుకు సూక్ష్మజీవులు మట్టిలోనే కలవు. సీసాలలో కొనితెచ్చుట సాధారణముగా అనవసరమని మా అభిప్రాయము. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడనుండి చమురు ఒలికి అలాస్కా తీరము చెడినప్పుడు, అచ్చటి రాళ్లపై నత్రజని, భాస్వరపు ఎరువులు చల్లిరి. తీరమందలి సూక్ష్మజీవులే ఆ బలముతో చమురును వేగముగా తిన్నవి. నూనెలో కర్బనము పుష్కలము, నత్రజని బహు స్వల్పము. కావున అవి నేలలోని నత్రజనిని లాగుకొనును, పైరు పసుపుబారును.

నిలిచిన నూనెను ముందు ఎత్తివేయండి. నాలాలో మాత్రము పోయరాదు. పిదప పశువుల ఎరువు, కొంచెము యూరియా కలిపి, పదును నిలిపి, అప్పుడప్పుడు తిరగదున్నవలెను. గాలి సోకనిచో ఈ జీవులు మందగించును. నెలలు పట్టవచ్చును. నూనెతో వచ్చిన లోహములను అవి హరింపజాలవు. మరల గడ్డి నాటకముందు మట్టిని పరీక్ష చేయించండి.