కోర్టులో ఆ పిల్లవాడి పక్కన ఎవరూ లేరు

మా అబ్బాయి సాకర్ టీమ్‌లో హోండురాస్ కుర్రాడు ఒకడున్నాడు. వయసు పదిహేను. తండ్రి చిన్నప్పుడే వదిలేసి వెళ్లిపోయాడు. పదమూడో ఏట ఒంటరిగా సరిహద్దు దాటి వచ్చి, ఇక్కడ డాలస్‌లో మేనత్త దగ్గర ఉంటున్నాడు. మొన్నామధ్య ఆవిడ ఫోన్ చేశారు. "రేపు వాడికి ఇమ్మిగ్రేషన్ కోర్టులో హియరింగ్. నాకు సెలవు దొరకలేదు. కాస్త తీసుకెళ్తారా?"

"మన గ్రీన్‌కార్డే ఇంకా తేలలేదు. కోర్టుల జోలి మనకెందుకండీ?" అంది మా ఆవిడ. నాకూ జంకుగానే ఉంది. అయినా వెళ్లాను.

బెంచీల నిండా పిల్లలే. ఒక పాపకైతే కాళ్లు నేలకు అందడం లేదు. ప్రతి కేసులోనూ ప్రభుత్వం తరఫున లాయర్ ఉన్నారు. పిల్లల్లో చాలామంది పక్కన ఎవరూ లేరు. జడ్జి మావాణ్ని మెల్లగా అడిగారు, "నీకు లాయర్ ఉన్నారా?" అని. లేరన్నాడు. ఉచితంగా సాయం చేసే సంస్థల జాబితా ఒకటి చేతికిచ్చి, మళ్లీ రమ్మని తేదీ వేశారు.

తిరిగి వస్తుంటే కారులో అడిగాడు, "మీకు లాయర్ ఉన్నారా?" అని. ఉన్నారన్నాను. నా హెచ్-1బి కాగితాలన్నీ కంపెనీ పెట్టిన లాయరే చూసుకున్నారు. నలభై దాటిన, మాస్టర్స్ చదివిన నాకే ఆ ఫారాలు అర్థం కావు!

ఆ రాత్రి కూర్చుని చదివాను. అమెరికాలో పిల్లవాడు సైకిల్ దొంగతనం చేసి జువెనైల్ కోర్టుకెక్కితే, లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే పెట్టాలి. 1967లో సుప్రీంకోర్టు ఇచ్చిన గాల్ట్ తీర్పు అది. ఇమ్మిగ్రేషన్ కేసు మాత్రం సివిల్ కిందికి వస్తుంది. అందుకే దేశం నుంచి పంపించేసే కేసైనా సరే, ప్రభుత్వ ఖర్చుతో లాయర్ హక్కుగా రారు.

అలాగని చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1985లో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన పదిహేనేళ్ల అమ్మాయి పేరిట మొదలైన కేసు 1997లో ఫ్లోరెస్ ఒప్పందంగా ముగిసింది. నిర్బంధంలోని పిల్లలను ఎలా చూడాలో, ఎవరికి అప్పగించాలో చెప్పేది అదే. 2008 చట్టం ప్రకారం ఒంటరిగా వచ్చిన పిల్లలను సాధారణంగా 72 గంటల్లో ఆరోగ్య శాఖ సంరక్షణకు పంపాలి. ఏడాదిలోపే ఆశ్రయం కోరాలన్న గడువు వాళ్లకు వర్తించదు. తల్లిగానీ తండ్రిగానీ వదిలేసిన పిల్లలకు, 1990లో మొదలైన 'స్పెషల్ ఇమ్మిగ్రెంట్ జువెనైల్' హోదా ఉంది. గ్రీన్‌కార్డుకు అదొక దారి.

కానీ ఆ హోదాకు ముందు రాష్ట్ర కోర్టు ఆర్డర్ కావాలి. మా టెక్సస్‌లో అయితే దాన్ని 18 నిండకముందే తెచ్చుకోవాలి. ఇరవై ఒకటి నిండితే పిల్లల వీసా ఏమవుతుందోనని క్యాలెండర్ చూసుకునే మన ఇళ్లకు ఈ బాధ కొత్తది కాదు. తేడా ఏమిటంటే, మన పిల్లలకు గడువు సంగతి చెప్పడానికి మనమున్నాం. వీడికి ఆ దారి ఉందని కూడా తెలియదు. హక్కు చట్టంలో ఉన్నా, అడగమని చెప్పేవాళ్లు లేకపోతే ఉండీ లేనట్టే.

జాబితాలోని నంబర్లకు వరుసగా ఫోన్ చేశాం. ఒకచోట వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకున్నారు. మరోచోట ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

మన రెండో తరంలో లాయర్లు చాలామందే ఉన్నారు. 2008లో మైక్రోసాఫ్ట్, నటి ఏంజెలినా జోలీ కలిసి స్థాపించిన 'కిండ్' సంస్థ ఇలాంటి కేసులు ఉచితంగా వాదించడానికి లాయర్లకు శిక్షణ ఇస్తుంది. ఇమ్మిగ్రేషన్ అనుభవం లేకపోయినా పర్వాలేదు. లాయర్లు కానివాళ్లం మాత్రం న్యాయ సలహాలు ఇవ్వకూడదు, అది నేరం కావచ్చు. కారులో దింపవచ్చు, ఫోన్లు చేసిపెట్టవచ్చు, పక్కన కూర్చోవచ్చు.

వచ్చే హియరింగ్‌కూ నేనే తీసుకెళ్తానన్నాను. ఈసారి మా ఆవిడ అడ్డు చెప్పలేదు. "అక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో ఏమో, పులిహోర కట్టిస్తాను. ఇద్దరూ తినండి" అంది.