డోలు పక్కన గొంతు వినపడాలంటే!

ఇంట్లోనే పాట రికార్డు చేసుకోవాలనుకునేవారు మైకు ధర కన్నా ముందు చూడాల్సింది ఇంకోటుంది... అది ఏ వైపు శబ్దం వినదో!

కరీంనగర్ పల్లెల్లో ఒగ్గు కథ మొదలైందంటే డోలు దెబ్బకు వాడంతా కదిలి రావాల్సిందే. కథకుడు ఒక మాట అంటే పక్కవాళ్లు వంత అందుకుంటారు, డోలు బదులు పలుకుతుంది. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు లాంటివారు పేరు తెచ్చిన కళ అది.

ఆ కథను ఇప్పుడు ముందుగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని రికార్డు చేసుకోవచ్చు. చిక్కల్లా... గొంతు కోసం పెట్టిన మైకులోనూ డోలే మోగడం! ఇలా ఒకరి మైకులోకి మరొకరి శబ్దం చొరబడటాన్నే 'బ్లీడ్' అంటారు. ఆ తరవాత గొంతు పెంచితే డోలూ పెరుగుతుంది. వేరుచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చినా, గొంతు సహజత్వం ఎంతో కొంత దెబ్బతింటుంది. పోనీ, డోలు విడిగా కొట్టి కలిపితే? కథకుడి సైగ చూసి దెబ్బ మార్చే కళ అది. విడదీస్తే ప్రాణం పోతుంది.

తమలపాకు మైకు

ఖరీదైన కండెన్సర్ మైకు కొంటే చాలనుకుంటారు చాలామంది. అది గొంతులోని సన్నని జీరను పట్టుకునే మాట నిజమే... వంటింట్లో కుక్కర్ కూతనూ పట్టుకుంటుంది! గోల ఎక్కువున్న గదిలో, నోటికి దగ్గరగా పెట్టుకునే డైనమిక్ మైకే మేలు. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 ఈ రకందే.

అది 'కార్డియాయిడ్' మైకు కూడా. అంటే, అది వినే పరిధిని గీస్తే తమలపాకులా ఉంటుంది. ఎదుటి శబ్దం బాగా, పక్కలది తక్కువగా వింటుంది. వెనక వైపు దాదాపు చెవిటిదే. కాబట్టి కథకుడినీ డోలునూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మైకును కథకుడి వైపు తిప్పితే డోలు దాని వెనక్కి వస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవచ్చు కూడా!

దగ్గరైతే గెలుపు

నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. దూరంగా ఉన్న డోలు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. మరీ ఆనిస్తే గొంతు బొంగురుగా వస్తుంది, జాగ్రత్త. రెండు మైకులుంటే మరో సూత్రం... మొదటిది నోటికి జానెడు దూరంలో ఉంటే, రెండోది దానికి కనీసం మూడు జానల దూరంలో ఉండాలి.

కిక్రికో కిటుకు

ఆదిలాబాద్‌లో సమస్య తిరగబడుతుంది. తోటి, ప్రధాన్ కళాకారులు కిక్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడతారు. కమానుతో పలికే ఆ వాద్యానిది మెత్తని నాదం. గొంతు దాన్ని మింగేస్తుంది. వాయించేదీ పాడేదీ ఒక్కరే కాబట్టి దూరం జరపడం కుదరదు. ఇక్కడ అక్కరకొచ్చేది 'ఫిగర్ ఎయిట్' మైకు. ముందూ వెనకా వింటుంది, రెండు పక్కలా వినదు. ముఖం కిక్రికీ, పక్క నోటికీ వచ్చేలా తిప్పితే సరి.

బొంతలే గోడలు

ఎంత మంచి మైకైనా సిమెంటు గోడల ముందు ఓడిపోతుంది. వెనక మోగిన డోలు ఎదుటి గోడకు కొట్టుకుని ముందువైపు నుంచి మైకులోకి దూరుతుంది. అందుకే పాడేవారి వెనక మందపాటి బొంతలు వేలాడదీయాలి.

ఇల్లు స్టూడియో కావడానికి లక్షలు అక్కర్లేదు. తాత చెప్పే కథను మనవడు రేపు వినాలంటే... డోలు డోలులా, గొంతు గొంతులా మిగిలితే చాలు!